ఆలస్యంగా దూకిన ఉడత

మార్చి 4

ఒరే బుడంకాయ్,

కొండ మీద కూర్చుని గాలి ఎటు వీస్తోందో రాసుకునే ఉద్యోగం నీకు భలే దొరికిందిరా. ఇక్కడ నేనూ కూర్చునే ఉన్నాను, కాకపోతే నన్ను గాలి వాటం అడిగేవాళ్ళు లేరు.

మొన్న మీ బావ ఫోన్లో నీకు నా సంగతి చెప్పడం మొదలుపెట్టేలోపే లైను తెగిపోయిందట. మీ వాతావరణ కేంద్రానికి వాతావరణం తప్ప ఇంకేదీ చేరదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నా ఎడమ మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని ఆపరేషన్ చేశారు. ఇన్నేళ్ళు క్రేన్ క్యాబిన్‌లో మోచెయ్యి ఆనించి కూర్చున్న ఫలితం అన్నాడు డాక్టరు. కుట్లు మానిపోయాయి. బొటనవేలు, చివరి రెండు వేళ్ళు మాత్రం నావి కానట్టే ఉన్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి పిసకమంది. నేను రేవులో ఓడల మీంచి లారీలంత కంటైనర్లు దించే మనిషిని. బంతి పిసుకుతూ ఎంతసేపని కూర్చోను? "బొటనవేలితో చిన్నచిన్నగా, వేగంగా చేసే పని ఏదైనా పెట్టుకోండి, మీకు ఇష్టమైనదైతే ఇంకా మంచిది" అంది.

వెంటనే మన ఉడత ఆట గుర్తొచ్చింది. అటక మీంచి ఆ వీడియో గేమ్ దింపించి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టాను. ఉడత రాలేదు కానీ పొగొచ్చింది. మీ బావ బేకరీ నుంచి అప్పుడే వచ్చి, గుమ్మంలోనే వాసన పట్టి, "నా రొట్టెలు కూడా ఎప్పుడూ ఇంతలా మాడలేదు" అన్నారు.

బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్తే వాడు దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. "ఎమ్యులేటర్ వేసుకోండి మేడమ్, బోలెడున్నాయి" అని ఏవో పేర్లు గడగడా చదివాడు. మందుల షాపులో నిలబడ్డట్టనిపించింది. ఏది మంచిదో నువ్వు చెప్పు. ఈ పాత ఆటల పిచ్చి నీకు ఇంకా వదల్లేదుగా.

జూన్‌లో రేవు వాళ్ళు చేతి పరీక్ష పెడతారు. నెగ్గితే మళ్ళీ క్రేన్ మీదికి, లేకపోతే గేటు దగ్గర లారీల చీటీలు చూసే కుర్చీలోకి. దాని గురించి నువ్వేం బుర్ర పాడుచేసుకోకు. ముందు ఉడత సంగతి చూడు.

మీ అక్క


మార్చి 13

అక్కా,

ఆపరేషన్ అయ్యాక చెబుతావా నాకు? సరే, కొండ దిగాక పోట్లాడతాను. సరుకుల బండి వారానికోసారి వస్తుంది, దాంట్లోనే ఉత్తరాలు వెళ్ళాలి. అందుకని తిట్లు తగ్గించి అసలు విషయం రాస్తున్నా.

ఎమ్యులేటర్ అంటే మిమిక్రీ కళాకారుడనుకో. మన పాత యంత్రం చచ్చిపోయింది. ఈ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో కూర్చుని అచ్చం ఆ యంత్రంలాగే మాట్లాడుతుంది. ఆట పాపం నమ్మేసి, తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుని ఆడుతుంది. మిమిక్రీవాళ్ళలో రకాలున్నట్టే వీటిలోనూ ఉన్నాయి. ఒకడు పరమ నిష్ఠాపరుడు. పాత యంత్రం తుమ్మినచోట తనూ తుమ్ముతాడు, కానీ వాడికి ఖరీదైన కంప్యూటర్ కావాలి. ఇంకొకడు మోటు మనిషి. హంగులేమీ ఉండవు, చెప్పిన పని చేసుకుపోతాడు. మూడోవాడికి రాని విద్య లేదు. ఆటని ఎక్కడ కావాలంటే అక్కడ దాచిపెడతాడు, నువ్వు గుంతలో పడితే కాలాన్ని వెనక్కి తిప్పి గట్టు మీద నిలబెడతాడు.

నీకు మూడోవాణ్ణి పంపుతున్నాను. చెయ్యి బాగోలేనప్పుడు కష్టపడడం దేనికి? కవర్లో ఉన్న చిన్న కార్డులో అతనూ, మన క్యాసెట్లోంచి నేనెప్పుడో కాపీ చేసుకున్న ఉడతా ఉన్నారు. బావ బేకరీలో పాటలకి వాడే చిన్న కంప్యూటర్ పెట్టెలో కార్డు దూర్చి, దాన్ని మీ టీవీకి తగిలించు. మన పాత రిమోట్లు కలిపే పిన్ను కూడా పెట్టాను. ఇక్కడి డబ్బా మానిటర్ మీద ఆడి చూశాను. ఉడత హాయిగా దూకుతోంది.

మొదటి రిమోట్ నువ్వే తీసుకో. ఎప్పుడు నాకిచ్చావు కనుక.

బుడంకాయ్


మార్చి 24

ఒరే,

అందింది. మీ బావ బేకరీలో పాటలు ఆపేసి మరీ పెట్టె తెచ్చారు. హాల్లో గోడంత కొత్త టీవీ మీద మన ఉడత ప్రత్యక్షమయ్యేసరికి, ఎన్నో ఏళ్ళకి చుట్టం వచ్చినట్టు లేచి నిలబడ్డాను.

కానీ ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. నీ మూడోవాడు నాకు నచ్చలేదు. బొమ్మంతా గళ్ళుగళ్ళుగా, మొరటుగా ఉంది. చూస్తుంటే ఆడాలనే అనిపించడం లేదు. ఆ వెనక్కి తిప్పే సౌకర్యం దేనికిరా? నేను పడిన ప్రతిసారీ మీ బావ పక్కనుంచి "వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు" అని కంగారు. నాకు చెయ్యే కదా బాగోలేనిది, నన్ను మంచం పట్టినదాన్ని చేసేశారు మీరిద్దరూ.

నదిలో దుంగలు తేలే మూడో మజిలీ గుర్తుందా? అక్కడే ఆగిపోయాను. ఏదో బొమ్మ సరిగ్గా కనపడక అనుకో.

బంతి పిసుకుతున్నాలే. ఫిజియో అమ్మాయి బాగానే ఉందంటోంది, ఆ అమ్మాయి అందరికీ అదే చెబుతుంది.

అక్క


ఏప్రిల్ 2

అక్కగారికి,

బొమ్మ మొరటుగా ఉందన్నావు కాబట్టి వారమంతా అదే పని మీద కూర్చున్నాను. ఇక్కడ మంచు దిగి కిటికీలోంచి ఏమీ కనపడడం లేదు. మా వంటాయన నా వెనకాలే నిలబడి, "సార్, ఆ ఉడత తోక ఇంకాస్త నునుపు చెయ్యండి" అని సలహాలిస్తున్నాడు.

ఈ కొత్త కార్డులో వేరే ఎమ్యులేటర్ ఉంది. దీని సింగారాలు చూస్తే నోరు వెళ్ళబెడతావు. గళ్ళన్నీ కరిగించి, అంచులు నున్నగా చేసి, రంగులు ముంచెత్తి చూపిస్తుంది. కదలిక కూడా మెత్తగా ఉండేలా ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య తనే బొమ్మలు గీసుకుంటుంది. వెనక్కి తిప్పేది తీసేశాను, అలగకు.

అయినా దుంగల మజిలీలో నువ్వు ఆగిపోవడమేమిటి? కళ్ళు మూసుకుని దాటేదానివి. అమ్మ పిలిస్తే తల తిప్పి జవాబు చెబుతూ దాటేదానివి. ఒప్పుకో అక్కా, బొమ్మది కాదు తప్పు, నీ వేళ్ళకి తుప్పు పట్టింది! వయసైపోయింది, ఇంక రిమోట్ తమ్ముడికి అప్పగించి పక్కన కూర్చో.

పరీక్ష ఏ తారీఖున? బావకి నమస్కారాలు.

కాబోయే మొదటి రిమోట్ యజమాని


ఏప్రిల్ 12

తమ్ముడికి,

కార్డు చేరింది. బొమ్మ చాలా బాగుంది. శ్రమపడ్డావు.

తుప్పు అన్నావు. నిజమే. ఆట తీసి లోపల పెట్టేశాను. గేటు దగ్గర కుర్చీ కూడా మంచి ఉద్యోగమే. ఎండ లేదు, వాన లేదు, నిచ్చెన ఎక్కే పని లేదు.

ఇంకేమీ పంపకు. మీ బావ క్షేమం. నువ్వు జలుబు చెయ్యకుండా చూసుకో.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. "శ్రమపడ్డావు" అని రాశావు. నేను పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ఒక్కసారి కూడా అలా మర్యాదగా పలకరించలేదు. తుప్పు అన్న మాట సరదాకి అన్నాను. పుండు మీద కారం చల్లినట్టయిందని ఇప్పుడు తెలిసింది. తిట్టు, పడతాను. కానీ ఆట కట్టేయకు.

నాకు తోచింది ఒక్కటే. ఈ కార్డులో ఉడతకి చావు లేకుండా చేసే రహస్య సంకేతం పెట్టాను. నదిలో పడినా మునగదు, దానంతటదే దుంగ మీదికొస్తుంది. ఎంతసేపైనా ఆడుకోవచ్చు, వేళ్ళు కదలడమేగా మనకి కావలసింది. కావాలంటే ఆట వేగం సగానికి తగ్గించే వీలు కూడా ఉంది.

బావ చేతైనా ఒక ముక్క రాయించు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 30

ఒరే వెధవా,

చావని ఉడత ఎందుకురా నాకు? సగం వేగం ఎందుకు? నేనేమైనా కాలక్షేపానికి ఆడుతున్నాననుకున్నావా?

నీకు చెప్పకూడదనుకున్నాను. ఇంక కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు. నేను లీవర్ కదిపినప్పుడు కింద గాల్లో ఒక ఇల్లంత పెట్టె వేలాడుతుంటుంది. దాని కింద కాకపోయినా, దాని పక్కనే మనుషులుంటారు. కొక్కేలు తగిలించే కుర్రాళ్ళు, లారీ డ్రైవర్లు. నా చెయ్యి రెప్పపాటు వెనకబడితే ఎవరి ఇంటికో కబురెళ్తుంది. అందుకే ఉడతని ఆడాను. చెయ్యి వస్తోందా లేదా అని నాకు నేను పెట్టుకున్న పరీక్ష అది.

రావడం లేదు. దుంగ దగ్గరకొస్తుంది, నేను నొక్కుతాను, ఉడత ఒక్క క్షణం ఆలోచించుకుని అప్పుడు దూకుతుంది. అప్పటికి దుంగ వెళ్ళిపోతుంది. నువ్వు పంపిన అందమైన బొమ్మలో అయితే ఇంకా ఘోరం, వారం తిరక్కుండానే నా చెయ్యి మరింత మందగించింది. అసలు భయం ఇంకొకటుంది. దూకే బటన్ కుడి బొటనవేలిది. ఆపరేషన్ అయింది ఎడమ చేతికి. ఈ మాయదారి రోగం రెండో చేతికీ పాకిందన్నమాట. ఇది మోచేతిలోది కాదు, తలలోదేమో. డాక్టరుకి చెప్పలేదు, మీ బావకీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని.

మొన్న రేవుకి వెళ్ళి మా షిఫ్ట్ ఇన్‌చార్జితో పరీక్షకి రానని చెప్పేశాను. కుర్చీయే ఇవ్వమన్నాను. బయటికొచ్చి బస్సులో కూర్చుని ఏడ్చాను, పక్కనామె నాకు తన కిటికీ సీటు ఇచ్చింది.

మీ బావతో కూడా మాటల్లేవు. ఒకరోజు "ఏదీ, నేను చూస్తా" అని ఆయన రిమోట్ తీసుకుని అదే దుంగ దగ్గర మూడుసార్లు పడ్డారు. పొద్దుటి నుంచీ పిండి ముద్దలు లెక్కతప్పకుండా విసిరే చేతులు అవి. నన్ను ఓదార్చడానికి కావాలని పడ్డారని తెలిసిపోయింది. "నా మీద జాలిపడకండి" అని అరిచాను. "నిజంగానే పడ్డానే" అంటారు. అబద్ధం కూడా చేతకాదు ఆ మనిషికి.

ఇప్పుడు తెలిసిందిగా. ఇంక కార్డులు పంపకు.

అక్క


మే 3

అక్కా, అక్కా,

సరుకుల బండి కోసం ఆగలేక కొండ దిగి కింద ఊళ్ళోంచి దీన్ని కొరియర్‌లో పంపుతున్నాను. ఫోన్ చేశాను, మీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. కాళ్ళు బొబ్బలెక్కాయి, పర్వాలేదు. ముందు ఇది చదువు, తర్వాత తిట్టు.

బావ కావాలని పడలేదు.

బావకి ఏ రోగమూ లేదు. ఆయన చేతులు ఎంత వేగమో నువ్వే రాశావు. ఆయన కూడా నువ్వు పడిన చోటే, నువ్వు పడినట్టే పడ్డారంటే ఆలస్యం వేళ్ళలో లేదు. ఉడతలో ఉంది. నేను పంపిన ఉడతలో.

మీ గోడంత కొత్త టీవీ ఉందే, దానికి అందం పిచ్చి. వచ్చిన ప్రతి బొమ్మనీ ఒక్క క్షణం తన దగ్గర ఆపుకుని, రంగు సరిచేసి, నునుపు పెట్టి అప్పుడు చూపిస్తుంది. సినిమా చూసేటప్పుడు అది తెలియదు. ఆటలో మాత్రం నువ్వు నొక్కగానే ఉడత కదలాలి కదా, ఆ ఆగడమంతా నీ వేలి మీద పడుతుంది. మూడోవాడు తన హంగులతో కొంత ఆలస్యం చేశాడు. నువ్వు బొమ్మ బాగోలేదన్నావు. నేను నమ్మి సింగారాలు పెంచాను. మధ్యలో బొమ్మలు గీసుకునే వాడికి తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగక తప్పదు. నేను బాగుచేసిన కొద్దీ ఉడత ఇంకా ఆలస్యంగా దూకింది. నా డబ్బా మానిటర్ వచ్చింది వచ్చినట్టు చూపించే రకం, అందుకే ఇక్కడ నాకేమీ తెలియలేదు.

కుడి చేతి గురించి రాశావు. నీ ఉత్తరం నా ముందే ఉంది. కోపంతో, ఏడుస్తూ, గబగబా రాశావు. ఒక్క అక్షరం వంకర పోలేదు. ఆ చేతికి రోగమని నన్ను నమ్మమంటావా?

నా మాట మీద వదిలెయ్యకు. బావ ఫోన్లో నిదానంగా కదిలే వీడియో తీసే వీలుంటుంది. నీ బొటనవేలు, టీవీ రెండూ కనపడేలా తియ్యమను. ఎవరు ఆలస్యమో మీ కళ్ళతో మీరే చూస్తారు. తర్వాత టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే ఈ సింగారాలు ఆపేస్తుంది. అంతకన్నా మంచిది, ఏదైనా పాత డబ్బా మానిటర్ దొరికితే దానికే తగిలించు. ఈ కార్డులో ఉన్నది నేను మొదట పక్కన పెట్టిన మోటు మనిషి. దాచడాలు, తిప్పడాలు, సింగారాలు ఏమీ లేవు. నొక్కితే దూకుతాడు, అంతే.

నీ ఎడమ చేతి సంగతి నాకు తెలియదు అక్కా. అది బాగైపోయిందని నేను చెప్పలేను. డాక్టరుకి మాత్రం ఉన్నదంతా చెప్పు, నీ భయంతో సహా.

ముందు బావతో మాట్లాడు.

నీ బుడంకాయ్


మే 11

నా బంగారు బుడంకాయ్,

నీ కవరు వచ్చేసరికి మీ బావ బేకరీకి బయల్దేరబోతున్నారు. ఉత్తరం చదివి ఆయన చేతికిచ్చాను. గుమ్మంలో నిలబడే చదివారు. "చెప్పానా" అనలేదు. ఆ ఒక్క మాట అననందుకే ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాననిపించింది. చెప్పులు విడిచి లోపలికొచ్చి ఫోన్ తీశారు.

వీడియో చూశాంరా. నా బొటనవేలు కిందికి దిగింది. ఉడత అలాగే నిలబడి ఉంది, బస్సు కోసం చూస్తున్నట్టు. నా వేలు పైకి కూడా వచ్చేసింది. అప్పుడు, తీరిగ్గా, అది గాల్లోకి లేచింది. "చూశావా దాని నిర్లక్ష్యం!" అన్నారు మీ బావ. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆయన భుజం మీద తల పెట్టి, "కుడి చెయ్యి కూడా పోయిందనుకున్నాను" అని అప్పుడు చెప్పాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి నా కుడి చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "ఇంత భయం ఒక్కదానివే మోసుకుని తిరిగావా? నేనున్నది రొట్టెలు కాల్చడానికేనా?" అన్నారు.

ఆ రోజు బేకరీ ఆలస్యంగా తెరుచుకుంది. కొట్టు వెనక గదిలో మూలపడి ఉన్న డబ్బా మానిటర్ని ఇద్దరం కలిసి ఇంటికి మోసుకొచ్చాం. నీ మోటు మనిషిని పెట్టాను. గళ్ళుగళ్ళ బొమ్మ. నొక్కాను. దూకింది! దుంగ మీద దుంగ, దుంగ మీద దుంగ. నది దాటేశాను.

అంతా బాగైపోయిందని రాయను. ఎడమవైపు గబుక్కున తిరగాల్సిన చోట ఇంకా పడుతున్నాను. అది మాత్రం నిజంగా నా వేలే. మీ బావ అక్కడ పడడం లేదు. కానీ ఇప్పుడు నా తప్పు ఎంతో, దాని తప్పు ఎంతో తెలిసింది. నాది నేను దిద్దుకోగలను. డాక్టరుకి భయంతో సహా చెప్పాను. కుడి చెయ్యి పరీక్షించి నిక్షేపంలా ఉందన్నాడు. ఫిజియో అమ్మాయి, "ఇది ముందే చెప్పి ఉంటే నేనే వచ్చి ఆడేదాన్ని కదండీ" అంది.

ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి, మొన్న అన్న మాట వెనక్కి తీసుకోవచ్చా అని నీళ్ళు నమిలాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ రోజు ఓడ హారన్ మోగుతోందమ్మా, నువ్వేం చెప్పావో నాకు సరిగ్గా వినపడలేదు. నేనెవరికీ ఏమీ రాయలేదు" అన్నాడు. ఆ రోజు రేవులో ఒక్క ఓడ కూడా లేదు.

నీ కాలి బొబ్బలకి మందు రాసుకో.

నీ అక్క


ఆగస్టు 6

ఒరే తమ్ముడూ,

జూన్ పరీక్షలో తప్పానని రాసినప్పుడు నువ్వు పంపిన జవాబు చదివి మీ బావ నాకంటే ఎక్కువ ధైర్యం తెచ్చుకున్నారు. కుడి చెయ్యి నెగ్గింది, ఎడమ చెయ్యి కొంచెంలో తప్పింది. కుర్చీ ఇస్తామన్నారు. వద్దు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అన్నాను. జులై అంతా బంతి, ఉడత, బంతి, ఉడత. పోయిన వారం మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి నెగ్గాను.

ఒంటరిగా ఇంకా పంపరు. కొన్నాళ్ళు పక్కన ఇంకొక ఆపరేటర్ కూర్చోవాలి. ఇవాళ పొద్దున్న నిచ్చెన ఎక్కాను. పైన గాలి అలాగే ఉంది, నువ్వుంటే ఎటు వీస్తోందో చెప్పేవాడివి. సీటు కింద ఎవరో తిని పారేసిన బిస్కెట్ కాగితం ఉంది. "నేను లేకపోతే ఇదీ మీ సంసారం" అని పక్కనున్నవాణ్ణి కసిరాను, వాడు "అమ్మయ్య, వచ్చేశావు" అని నవ్వాడు. మోచేతి కింద మెత్త వేసుకున్నాను. లీవర్ మీద చెయ్యి వేసేముందు వేళ్ళు రెండుసార్లు ముడిచి తెరిచాను.

మొదటి పెట్టెని ఓడ మీంచి లేపాను. నీళ్ళు దాటించాను, గట్టు దాటించాను, లారీ మీదికి తెచ్చాను. మా పనిలో ఒకటుందిరా. పెట్టె పిసరంత ఊగినా, దిగేటప్పుడు తడబడినా కింద ఉన్నవాళ్ళంతా ఠక్కున తలెత్తి క్యాబిన్ వైపు చూస్తారు. పైన ఎవరున్నారా అని. ఆ చూపు పడకూడదనే బతుకంతా పనిచేస్తాం.

పెట్టె లారీ మీద కూర్చుంది. కింద ఒకడు బీడీ ముట్టించుకుంటున్నాడు. కొక్కేల కుర్రాళ్ళు ఏదో జోకు వేసుకుని నవ్వుకుంటున్నారు. డ్రైవర్ అద్దంలో జుట్టు సరిచేసుకుని బండి తీశాడు.

ఒక్కడు కూడా తలెత్తి చూడలేదు.

మీ అక్క